బిళ్ళ వేస్తే వెలిగే పెట్టె

గుంటూరులో ఒక పాత సామాన్ల కొట్టు వెనక, గోడకు చేరేసి ఉన్న పెట్టెను చూసి మొదట బీరువా అనుకున్నాను. వానలకు అడుగు చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది. ఒక పక్క చెదలు మోకాలెత్తు దాకా పాకాయి. పైన కప్పిన గోనెపట్టా తీస్తే ఏటవాలుగా దుమ్ము పట్టిన అద్దం, దాని కింద నడుమెత్తున ఒక పలక, ఆ పలక మీద మూడు జాయ్‌స్టిక్‌లు కనిపించాయి. రెండే ఉంటే ఏ ఆటో చెప్పలేం. మూడు చూడగానే నా నోటివెంట "ముస్తఫా" అన్న మాట దానంతటదే వచ్చేసింది. కొట్టాయన నవ్వి, "మీరూ ఆ బ్యాచేనా అండీ?" అన్నారు.

తొంభైల్లో వీడియో గేమ్ పార్లర్ల చుట్టూ తిరిగిన పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్జ్ అనే అమెరికన్ చిత్రకారుడి 'జీనోజోయిక్ టేల్స్' కామిక్స్ దానికి ఆధారం. ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి నలుగురు వీరులుంటారు. వాళ్ళలో ఒకడు ముస్తఫా కైరో. మన దేశంలో అతని పేరే ఆటకు పేరైపోయింది. ఒకేసారి ముగ్గురు ఆడవచ్చు కాబట్టి మూడు జాయ్‌స్టిక్‌లు. ఈ ఆర్కేడ్ ఆటను క్యాప్‌కామ్ ఇంటి కన్సోల్ దేనికీ తేలేదు. పెట్టెల్లో పుట్టి పెట్టెల్లోనే ఉండిపోయింది. ట్రాలీ ఆటో మాట్లాడి ఆ చెదల చెక్కను ఇంటికి తెచ్చుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలింది.

దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. బిళ్ళ లోపల పడిన క్షణం నుంచి బొమ్మ మన కంటికి చేరేదాకా ఏం జరుగుతుందో, ఏం పాడవుతుందో ఆ దారి వెంబడే వెళ్ళి చూద్దాం.

మొదట బిళ్ళల యంత్రం విప్పాను. అక్కడ కరెంటు లేదు, అంతా లోహం, ఏటవాలు, బరువు. అరచెయ్యంత ఉన్న ఆ పరికరం అంత తెలివైనదని అప్పటిదాకా నాకు తెలియదు. బిళ్ళ వేసే సందు మందాన్ని కొలుస్తుంది. లోపల చిన్న ఊయల లాంటి తూకం ఉంటుంది. బిళ్ళ వ్యాసం తక్కువైతే ఊయల సందులోంచి జారిపోతుంది, బరువు తక్కువైతే ఊయల వంగదు. ఈ రెండూ దాటిన బిళ్ళ ఒక ఏటవాలు పట్టాల మీద దొర్లుతూ అయస్కాంతం పక్కనుంచి వెళ్ళాలి. ఇనుముదైతే అక్కడే అతుక్కుపోతుంది. ఇత్తడిదైతే అతుక్కోదు, కానీ నెమ్మదిస్తుంది.

ఇత్తడికి అయస్కాంతం అంటదు కదా, ఎందుకు నెమ్మదించాలి? అయస్కాంతం పక్కన లోహం కదులుతుంటే ఆ లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ సుడి ప్రవాహాలు తమకు పుట్టుకనిచ్చిన కదలికనే అడ్డుకుంటాయి. ఎంతగా అడ్డుకుంటాయన్నది ఆ లోహంలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే అసలు బిళ్ళ ఒక నిర్దిష్ట వేగంతోనే పట్టాలు దిగుతుంది, దిగి ఒక చిన్న దిమ్మె మీద పడి సరిగ్గా ఇంత దూరం ఎగురుతుంది, సరైన అరలో పడుతుంది. విద్యుత్తు అంత సులువుగా పారని లోహపు బిళ్ళను అయస్కాంతం అంతగా ఆపదు, అది మరీ జోరుగా వచ్చి అర దాటి బయటి గిన్నెలో పడుతుంది. దీన్ని ఇంట్లో చూడాలంటే మందపాటి అల్యూమినియం పళ్ళేన్ని ఏటవాలుగా పట్టుకుని, బలమైన చిన్న అయస్కాంతాన్ని దాని మీద జారవిడవండి. తేనెలో జారినట్టు జారుతుంది.

మన రూపాయి ఇందులో ఎందుకు పనికిరాదో కూడా దీంతో తెలుస్తుంది. 1992 నుంచి మన రూపాయి బిళ్ళను ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుతో ముద్రిస్తున్నారు. దాన్ని అయస్కాంతం లటుక్కున పట్టేస్తుంది. అమెరికా పావు డాలరు రాగి, నికెల్ కలిసినది, అయస్కాంతానికి అంటదు. అక్కడి పెట్టెలు ఆ నాణేన్ని నేరుగా తీసుకోగలిగాయి. మా పెట్టెలోనేమో ఇత్తడి బిళ్ళలే దొరికాయి. అడుగున పదకొండు, నల్లగా మాడిపోయి ఉన్నాయి. మా అమ్మ చింతపండు వేసి తోమితే నిమిషంలో మెరిశాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడు పొరను కరిగిస్తుంది, లోపలి లోహాన్ని పెద్దగా తినదు. బజారులో దొరికే ఏ పాలిష్ కన్నా ఆ పాత బిళ్ళలకు ఇదే మంచిదని నా నమ్మకం.

బిళ్ళ చివరికి ఒక సన్నని తీగను నొక్కుతుంది, తీగ ఒక స్విచ్చిని నొక్కుతుంది. ఇక్కడితో లోహం పని అయిపోయి విద్యుత్తు పని మొదలవుతుంది. ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు ప్రతి తీగ మీదా 5 వోల్టులు నిలిపి ఉంచుతుంది. స్విచ్చి మూసుకుంటే ఆ తీగ సున్నాకి పడిపోతుంది. బిళ్ళ పడినా, గుద్దు బటన్ నొక్కినా, జాయ్‌స్టిక్ ఎడమకు లాగినా బోర్డుకు వినిపించేది ఈ ఒక్క సంగతే.

బటన్ కింద ఉండే మైక్రోస్విచ్చి గురించి కాసేపు ఆగి చెప్పాలి. తిరునాళ్ళలో రేకు కప్ప బొమ్మ కొనుక్కున్నవాళ్ళకి అది వెంటనే అర్థమవుతుంది. కప్ప పొట్ట కింద రేకును నెమ్మదిగా నొక్కుతూ పోతే కాసేపు ఏమీ జరగదు. ఒక చోట దాటగానే టక్కున అవతలి వైపుకి ఎగురుతుంది. మన వేలు ఎంత నెమ్మదిగా కదిలినా రేకు ఎగిరే వేగం మాత్రం దానిదే. మైక్రోస్విచ్చిలోనూ వంచి బిగించిన రేకు అలాగే ఒక వైపు నుంచి ఇంకో వైపుకి గెంతుతుంది. అందుకే సగం కలిసిన స్థితి అంటూ ఉండదు, నిప్పురవ్వలు తక్కువ, స్విచ్చికి ఆయుష్షు ఎక్కువ. గెంతిన రేకు ఒకటి రెండు సార్లు ఎగిరి పడి కుదురుకుంటుంది. ఆ కుదురుకోవడం కొద్ది మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఆట సుమారు 17 మిల్లీసెకన్లకు ఒకసారే స్విచ్చిల వైపు చూస్తుంది కాబట్టి ఆ ఎగురుళ్ళు సాధారణంగా దాని కంటపడవు. ఈ 17 మిల్లీసెకన్లను గుర్తుపెట్టుకోండి. ఈ అధ్యాయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

జాయ్‌స్టిక్‌లు మూడూ తుప్పు పట్టాయి. ఇనప పళ్ళాలను వెనిగర్‌లో ఒక రాత్రంతా నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాశాను. వెంటనే అన్న మాట ముఖ్యం. తుప్పు వదిలిన ఇనుము గాలికి పది నిమిషాల్లో మళ్ళీ ఎర్రబారుతుంది. స్ప్రింగులు, స్విచ్చిలు కొత్తవి వేశాను. కర్ర కింద ఉండే ప్లాస్టిక్ పలకను చూడకుండా కొత్త జాయ్‌స్టిక్ కొనవద్దు. ఆ పలకలోని రంధ్రం ఆకారమే కర్ర ఎటు వెళ్ళగలదో నిర్ణయిస్తుంది. 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్' నాలుగు దిక్కుల ఆట. దానికి ఎనిమిది దిక్కుల కర్ర బిగిస్తే మూలమలుపుల్లో రెండు స్విచ్చిలు ఒకేసారి మూసుకుని బొమ్మ తటపటాయిస్తుంది. ముస్తఫాకు ఎనిమిదీ కావాలి.

పలక వెనక వైర్లు చూసినప్పుడు మాత్రం నాకు గుండె జారింది. అన్నీ ఎర్ర వైర్లే. ఎవరో ఒకే కట్ట కొని పెట్టె మొత్తం చుట్టేశారు. మల్టీమీటర్ పట్టుకుని, బీప్ వినపడిన చోటల్లా కాగితం ముక్క అంటించుకుంటూ రెండు ఆదివారాలు గడిపాను. ఆ కాగితాల వరుస పూర్తయ్యాక కింద ఉన్న క్రమం బయటపడింది. ఆ చిక్కు అంతా చివరికి ఒకే కనెక్టర్‌లోకి వెళ్తోంది, పైన 28, కింద 28, మొత్తం 56 కాళ్ళు. దాన్ని జామా కనెక్టర్ అంటారు. జపాన్ ఆటయంత్రాల తయారీదారుల సంఘం పేరులోని మొదటి అక్షరాలవి. 1980ల మొదట్లో ప్రతి కంపెనీకీ తనదైన వైరింగు ఉండేది. ఆట మార్చాలంటే పెట్టె మొత్తం విప్పాల్సిందే. 1980ల మధ్యలో ఆ సంఘం ఏ కాలికి ఏ పని అన్నది ఖాయం చేసింది. ఆ తర్వాత పాత బోర్డు లాగేసి కొత్త బోర్డు తొడిగితే చాలు, కొత్త ఆట సిద్ధం. పార్లర్ ఆయన ఆడించే ఆట పాతబడగానే అదే పెట్టెలో సాయంత్రానికి ఇంకో ఆట ఆడించగలిగాడంటే ఆ 56 కాళ్ళ పుణ్యమే.

ఆ ప్రమాణంలో ఒక్కో ఆటగాడికి మూడు బటన్ల చోటే ఉంది, ఇద్దరికే ఉంది. మూడో ఆటగాడి తీగలు, 1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2' లాంటి ఆరు బటన్ల ఆటల తీగలు వేరే చిన్న కనెక్టర్ గుండా వెళ్ళాలి. మా పెట్టెలో ఆ చిన్న కనెక్టర్‌ను తెంచేసి ఎక్కడిదక్కడ అతికేశారు.

బోర్డుకు కరెంటు ఇచ్చి చూస్తే తెర మీద అడ్డదిడ్డంగా గళ్ళు వచ్చాయి. బోర్డు చచ్చిపోయిందని చాలామంది అక్కడే వదిలేస్తారు. అక్కడ వదిలేయొద్దు, ముందు వోల్టేజీ చూడండి. ఈ చిప్పులకు 5 వోల్టులు కావాలి, అటూ ఇటూ 5 శాతం దాకా ఓర్చుకుంటాయి. అంటే 4.75 తగ్గకూడదు. పవర్ సప్లై దగ్గర కొలిస్తే 5.05 ఉంది. బోర్డు మీద కొలిస్తే 4.6. ఆ తేడా ఎక్కడికి పోయింది? బోర్డు 4 ఆంపియర్లు లాగుతుందనుకోండి. దారిలో తీగ, తుప్పు పట్టిన కాళ్ళు కలిసి 0.1 ఓము అడ్డు ఉంటే చాలు, ఓమ్ సూత్రం ప్రకారం 0.4 వోల్టు అక్కడే ఖర్చయిపోతుంది. కనెక్టర్ అంచులోని రాగి పట్టీలను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 5 వోల్టులకు, భూమికి రెండేసి లావు తీగలు వేశాను. గళ్ళు పోయి ఆట మొదలైంది. ఆ రోజు ఇల్లంతా వచ్చి చూసింది.

కానీ డైనోసార్ల ఒంటి మీద నిలువు చారలున్నాయి. బొమ్మలన్నీ ఈప్రామ్ అనే చిప్పుల్లో ఉంటాయి. ఒక్కో బిట్టు అంటే చుట్టూ గాజు పొర కట్టిన బుల్లి గదిలో బంధించిన కాసిని ఎలక్ట్రాన్లు. గది తలుపులు తెరవాలంటే 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కావాలి. అందుకే చిప్పు పైన క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది, మామూలు గాజు ఆ కాంతిని పోనివ్వదు. ఆ కిటికీ మీద స్టిక్కరు ఊడిపోతే నేరుగా పడే ఎండ వారం రోజుల్లో చిప్పును చెరిపేయగలదు. ట్యూబులైటు వెలుతురుకైతే మూడేళ్ళు పడుతుంది. మా బోర్డులో ఒక చిప్పు మీద స్టిక్కరు లేదు. ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి ఒక్కో చిప్పు చదివి, భద్రపరిచినవాళ్ళు నమోదు చేసిన లెక్కలతో సరిచూస్తే సరిగ్గా అదొక్కటే తప్పింది, దాన్ని మార్చాను. ఈ సరిచూసే లెక్కను సీఆర్‌సీ అంటారు, 32 బిట్ల సంఖ్య. పొరపాటున వేరే సమాచారానికి అదే సంఖ్య రావడానికి 429 కోట్లలో ఒక వంతు అవకాశం.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మా బోర్డు క్యాప్‌కామ్ అచ్చు వేసింది కాదు, ఎవరో చేసిన నకలు. శబ్దంలోనే తెలిసిపోతుంది. అసలు బోర్డు ధ్వనిలోని లోతు ఇందులో లేదు, డప్పు మీద గుడ్డ కప్పి కొట్టినట్టుంటుంది. కానీ అసలు బోర్డులో నకళ్ళను అడ్డుకోవడానికి ధ్వని చూసుకునే ప్రాసెసర్‌కు తాళం వేశారు, ఆ తాళంచెవిని బ్యాటరీతో నడిచే జ్ఞాపకంలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి పోతుంది. క్యాప్‌కామ్ 1993లోనే తెచ్చిన తర్వాతి తరం బోర్డుల్లో ఈ పద్ధతి ఇంకా ముందుకెళ్ళింది, బ్యాటరీతోపాటు ఆట మొత్తం పోతుంది. ఇష్టపడేవాళ్ళు వాటిని ఆత్మహత్య బ్యాటరీలని పిలుస్తారు. తాళాన్ని ఛేదించి, చచ్చిన బోర్డులకు మళ్ళీ ప్రాణం పోసే పద్ధతి కనిపెట్టినవాళ్ళు జీతం లేని ఔత్సాహికులే. ఒక వస్తువుకు గడువు తీరాక చచ్చిపోయేలా తాళం వెయ్యడం నా దృష్టిలో తప్పు.

ఇక పిక్చర్ ట్యూబు. మా వీధి చివర, నలుపు తెలుపు టీవీల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. "ట్యూబు జోలికి పోబాక అబ్బాయ్, నేనొచ్చేదాకా మెడ కూడా ముట్టుకోవద్దు" అని కబురు పంపారు. ట్యూబు వెనక సన్నని గాజు మెడ ఉంటుంది. అది తగిలి విరిగితే లోపలి శూన్యంలోకి గాలి ఒక్కసారిగా దూసుకుపోతుంది.

ఆయన వచ్చి మొదట చేసిన పని ఎడమ చేతిని నడుం వెనక పెట్టుకోవడం. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా వెళ్ళే దారి దొరుకుతుంది, ఒక చేత్తో అయితే ఆ దారి ఉండదు. స్క్రూడ్రైవర్‌కు ఒక తీగ కట్టి, తీగ రెండో కొసను ట్యూబు చుట్టూ ఉన్న అల్లిక తీగకు తగిలించి, పక్కనున్న రబ్బరు టోపీ కిందికి మొన పోనిచ్చారు. టప్పుమని శబ్దం వచ్చింది. పది నిమిషాలాగి మళ్ళీ చేశారు, ఇంకోసారి చిన్నగా టప్పుమంది. గాజులో ఇంకిన ఆవేశం నెమ్మదిగా బయటికొచ్చి ట్యూబును మళ్ళీ కొంత నింపుతుందన్నమాట.

అందరూ ఆ 25,000 వోల్టులకే భయపడతారు. లెక్క వేసి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ట్యూబు కూడా ఒక కెపాసిటరే, దాని సామర్థ్యం సుమారు 2 నానోఫారడ్లు. 25,000 వోల్టుల దగ్గర అందులో దాగే శక్తి 0.6 జౌళ్ళు. పక్కనే బోర్డు మీద బొటనవేలంత ఫిల్టర్ కెపాసిటర్ ఉంది, 220 మైక్రోఫారడ్లు. మన ఇంటి 230 వోల్టుల కరెంటును నేరుగా ఏకముఖం చేస్తే దాని మీద 325 వోల్టులు నిలుస్తాయి. అందులో దాగే శక్తి 11 జౌళ్ళ పైమాటే, ట్యూబులో కన్నా పద్దెనిమిది రెట్లు ఎక్కువ. బాబాయికి ఈ లెక్కలతో పనిలేదు. "పెద్దదానికి అందరూ భయపడతారు అబ్బాయ్, చంపేది ఆ చిన్న కండెన్సరే" అన్నారు. అనుభవజ్ఞుడు పక్కన లేకుండా ఈ భాగాన్ని ఎవరూ విప్పకూడదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లయినా రాస్తాను.

ఇంకో ప్రమాదం ఆయనే కనిపెట్టారు. ఆ కాలపు కొన్ని టీవీ ఛాసిస్‌లలో భూమి అని రాసిన తీగ నిజంగా భూమి కాదు, మెయిన్సు కరెంటుతో నేరుగా కలిసి ఉంటుంది. దాన్ని ఆట బోర్డుతో కలపాలంటే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. అందులో ఇటు చుట్టకూ అటు చుట్టకూ తీగ సంబంధం లేదు, అయస్కాంత క్షేత్రం ఒక్కటే కలుపుతుంది. మా పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిన చోట నాలుగు ఖాళీ మరలు ఉన్నాయి. ఎవరో తీసి అమ్ముకుని నేరుగా కలిపేశారు. ఆ పలకకున్న ఇనప మరల మీద ఎంతమంది పిల్లలు చేతులు పెట్టి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేశాం, బయటికి కనపడే ప్రతి లోహానికీ ఎర్త్ తీగ లాగాం.

బొమ్మ పైభాగం మడతపడి, అంచులు అలల్లా ఊగుతుండేవి. దోషం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లది. అల్యూమినియం రేకు మీద నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర, రేకుల మధ్య ద్రవంలో నానిన కాగితం, అంతే దాని నిర్మాణం. ఆ ద్రవం ఏళ్ళ తరబడి రబ్బరు అడుగు గుండా ఆవిరైపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 65 డిగ్రీల దగ్గర దానికి 16 రెట్లు, అంటే 32,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు 12 గంటలు నడిచే పార్లర్‌లో అది ఏడేళ్ళకు కాస్త పైన. గుంటూరు ఎండాకాలంలో, రేకుల కప్పు కింద, ఫ్యానుకి కూడా చోటులేని పెట్టెలో అంతకంటే తక్కువే వచ్చి ఉంటుంది. ఇరవై మూడు కెపాసిటర్లు మార్చాం. బొమ్మ నిటారుగా నిలబడింది.

అప్పుడు నాకు ఒక లెక్క తోచింది. ఈ ఆట బోర్డు చుక్కలను సెకనుకు 80 లక్షల చొప్పున పంపుతుంది, ఒక్కో గీతకు 512 చుక్కల కాలం. భాగిస్తే సెకనుకు సరిగ్గా 15,625 గీతలు. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో టీవీ గీసేదీ సెకనుకు 15,625 గీతలే. ఇళ్ళలో వార్తలు చూపించడానికి చేసిన ట్యూబు జపాన్ ఆటకు ఇంత సులువుగా ఒదగడానికి ఈ ఒక్క సంఖ్యే కారణం.

గీత గీసే పని ఎలక్ట్రాన్ల పుంజానిది. 25,000 వోల్టుల లాగుడుకి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో మూడో వంతుకు కొంచెం తక్కువ వేగంతో తెరను తాకుతాయి. అవి తాకిన చోటున వెలిగే చుక్క తెర మీద ఎడమ నుంచి కుడికి సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమిని చుట్టే వేగం కూడా దాదాపు అంతే. 262 గీతలు పూర్తయితే ఒక బొమ్మ. 15,625ను 262తో భాగిస్తే సెకనుకు 59.64 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 16.8 మిల్లీసెకన్లు. ముందు గుర్తుపెట్టుకోమన్న 17 ఇదే. టీవీ ప్రసారం ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు గీస్తుంది. ఆట బోర్డు ప్రతిసారీ ఒకే గీతల మీద గీస్తుంది. మధ్య సందులు నల్లగా మిగిలిపోతాయి, వెలుగు అంచుల్లో కాస్త చిమ్ముతుంది. 384 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తు మాత్రమే ఉన్న బొమ్మలో ముస్తఫా ముఖం నున్నగా కనపడటానికి ఆ చిమ్మడమే కారణం. అదే బొమ్మను ఎల్‌సీడీలో చూస్తే పలకలు పలకలుగా ఉంటుంది. గీసిన చిత్రకారులు ట్యూబును చూసుకుంటూ గీశారు, మనం దాన్ని మరో చోట చూస్తున్నాం.

బాగుచెయ్యడం ఇంతవరకు. ఇక మార్చడం. పాత పెట్టెలో కొత్త ఆటలు వేసుకోవడాన్ని కొందరు పాపంలా చూస్తారు. ఆర్కేడ్ చరిత్రలో మార్పిడి కొత్తేమీ కాదు. 1980లో నింటెండో చేసిన 'రాడార్ స్కోప్' అనే ఆట అమెరికాలో సరిగా అమ్ముడుపోలేదు, సుమారు 2,000 పెట్టెలు గోదాములో మిగిలిపోయాయి. వాటిని వాడుకోవడానికి ఇంకో ఆట కావాల్సి వస్తే షిగేరు మియామోటో అనే యువ చిత్రకారుడికి ఆ పని అప్పగించారు. అక్కడి సిబ్బంది ఒక్కో పెట్టె విప్పి బోర్డులు మార్చారు. 1981లో అలా 'డాంకీ కాంగ్' వచ్చింది. 'మిస్ ప్యాక్‌మ్యాన్' కూడా పాత ప్యాక్‌మ్యాన్ బోర్డుకు తగిలించే అదనపు కిట్టుగానే మొదలైంది.

నాకు అభ్యంతరం ఉన్నది కోతలకే. నికోలా సాల్మోరియా అనే ఇటాలియన్ 1997లో విడుదల చేసిన మేమ్ అనే ప్రోగ్రామ్ పాత ఆర్కేడ్ యంత్రాలను మామూలు కంప్యూటర్‌లో అనుకరిస్తుంది. అది వచ్చాక చాలామంది అసలు పెట్టెల పలకలు కోసి, ట్యూబులు పారేసి లోపల కంప్యూటర్ పెట్టుకున్నారు. పోయినవి మళ్ళీ రావు. నేను పెట్టుకున్న నియమం, ఏ మార్పు చేసినా ఒక పూట పనిలో వెనక్కి తీసెయ్యగలగాలి. కొత్త రంధ్రం వద్దు, పాత తీగ తెంచొద్దు.

ఎల్‌సీడీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, చవక యూఎస్‌బీ పలక పెడితే ఒక్క ఆదివారంలో పని అయిపోతుంది. ముందు అదే చేసి చూశాను. ఆట నడిచింది, చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. నొక్కిన గుద్దు ఆలస్యంగా పడుతోంది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, వేలు బటన్‌ను నొక్కిన ఫ్రేము నుంచి తెర మీద చెయ్యి లేచే ఫ్రేము దాకా లెక్కపెట్టండి, ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ఆలస్యం ఒక్క చోటుది కాదు. మామూలు యూఎస్‌బీ పరికరాన్ని కంప్యూటర్ 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తుంది. అనుకరించే ప్రోగ్రామ్ బొమ్మను ముందు జ్ఞాపకంలో పూర్తిగా గీసుకుని తర్వాత పంపుతుంది. టీవీ ఆ బొమ్మను పట్టుకుని రంగులు దిద్దుతూ ఇంకొంత నిలిపేస్తుంది. అసలు బోర్డు పూర్తి బొమ్మను గీసి నిల్వ చెయ్యదు, చుక్క తయారైన క్షణానే పుంజం దాన్ని తెర మీద వెలిగిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఎల్‌సీడీ సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది, ఆట తయారుచేసేది 59.64. ప్రతి రెండు ముప్పావు సెకన్లకు ఒక బొమ్మ రెండుసార్లు కనపడుతుంది. నడుస్తున్న డైనోసార్ అక్కడ చిన్నగా తడబడుతుంది. తెలియనివాళ్ళకు కనపడదు, ఒకసారి చూసినవాళ్ళకు ఇక అదే కనపడుతుంది. యంత్రం వేగమే ఆటగా మారడం అన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'. తొమోహిరో నిషికడో దాన్ని రాసిన ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8080. గీయాల్సిన శత్రువులు తగ్గేకొద్దీ పని తగ్గి మిగిలినవాళ్ళు జోరందుకున్నారు. ఆ లోపాన్ని ఆయన అలాగే ఉంచారు, ఆడేవాడి గుండె దడ అక్కడే పుట్టింది. అనుకరించేవాళ్ళు ఆట రాతతోపాటు ఆ నెమ్మదినీ అనుకరించాలి.

చివరికి ట్యూబును ఉంచుకున్నాను. చిన్న కంప్యూటర్‌ను ఒక అడాప్టర్ ద్వారా అదే 56 కాళ్ళ కనెక్టర్‌కు తగిలించి, 15,625 గీతలు, 59.64 బొమ్మలు పంపేలా సరిచేశాను. ఇది చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. మామూలు కంప్యూటర్ తెర గీతల వేగం దీనికి కనీసం రెట్టింపు, సెకనుకు సుమారు 31,500 లేదా అంతకన్నా ఎక్కువ. ఆ సంకేతం పాత ఛాసిస్‌కు ఒక్క క్షణం వెళ్ళినా గీతలు నడిపే ట్రాన్సిస్టర్ పోవచ్చు. వేగం సరిచూశాకే తీగ కలపండి.

చెక్కపని మా వడ్రంగి చేశాడు. చెదలు తిన్న అడుగు జానెడు ఎత్తున కోసేసి, నీటికి తట్టుకునే ప్లైవుడ్ అతికి, అతుకు మీద లప్పం పెట్టి, దాని మీద అదే నలుపు సన్‌మైకా వేశాడు. అడుగున నాలుగు రబ్బరు బిళ్ళలు కొట్టాడు, తడి నేల మళ్ళీ చెక్కను తాకకుండా. పై భాగం మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. అక్కడ ఎవరో కాంపాస్ మొనతో చెక్కిన నాలుగు పేర్లున్నాయి.

నకలు బోర్డును యాంటీస్టాటిక్ సంచిలో పెట్టి, తేదీ వేసి, పెట్టె లోపలి గోడకు బిగించాను. పక్కనే అన్ని తీగల పేర్లు రాసిన కాగితం, తప్పిన ఈప్రామ్, పదకొండు ఇత్తడి బిళ్ళలు. కంప్యూటర్ లాగేసి ఆ బోర్డు తొడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. బాబాయ్ వచ్చిన సాయంత్రం అదే చేశాను. ఆయన బొమ్మ ఎడమ అంచు కాస్త లోపలికి నక్కిందని గమనించి, వెనక్కి వెళ్ళి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఒక మర పావు వంతు తిప్పి, "ఇప్పుడు చూడబ్బాయ్" అన్నారు. నేను బిళ్ళ వేశాను.